గోరువెచ్చన

మోకాలు చప్పుడు చేసినప్పుడల్లా మెట్లు లెక్కపెట్టేదాన్ని.
క్రాన్ ఊళ్ళో నా వంతు వీధుల్లో
పదకొండు వందల నలభై మెట్లు,
మూడు కరిచే కుక్కలు,
ఉత్తరాలు రావని తెలిసీ గుమ్మంలో నిలబడే
ముసలి అలోయ్‌జియా.

అక్టోబరులో గ్రంథాలయం మేడ మీద
ఆరు మంగళవారాల ఆయుర్వేద తరగతి.
చెప్పేది ఫిజియోథెరపీ నెవెంకా,
త్రిసూరులో రెండేళ్ళు నూనె చేతులతో గడిపి వచ్చింది.
మొదటి రోజే ఒక కాగితం చేతిలో పెట్టింది:
చర్మం పొడిబారుతుందా? ఆకలి వేళకి వేస్తుందా?
కలలో ఎగురుతారా, మంటలు చూస్తారా, నీళ్ళలో ఉంటారా?
నేను రాశాను:
చిరునామా చెరిగిపోయిన పార్సెల్ పట్టుకుని
తెల్లారేదాకా తలుపులు తడతాను.
ఆమె నవ్వలేదు.
పక్కన పెన్సిలుతో చిన్నగా "వాతం" అని రాసింది.
లోపల ఇన్నాళ్ళూ తిరిగిన గాలికి ఒక పేరుందని
యాభై మూడో ఏట తెలిసింది.

రాత్రి పాదాలకి నువ్వుల నూనె రాయమంది.
ఊళ్ళో దొరికింది ఒక్కటే,
చైనా హోటలు పక్క కొట్లో,
మాడేలా వేయించిన నువ్వులది, నల్లగా.
మర్నాడు పొద్దున్నే సార్టింగు గదిలో అందరికీ ఆకలేసింది.
"నూడుల్స్ ఎవరు తెచ్చారు?" అని
తొమిస్లావ్ బల్లల కింద వెతికాడు.
కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నాను.
అయినా ఒప్పుకోవాలి,
ముందటి రాత్రి నేను ఏ తలుపూ తట్టలేదు.

అన్నీ కుదిరాయని కాదు.
రాగి నాలుకబద్ద ఇంకా సబ్బుపెట్టెలోనే ఉంది.
త్రిఫల మింగిన నా మొహం చూసి
పిల్లి గది వదిలి పోయింది.
పదింటికల్లా పడుకోమన్నారు,
డిసెంబరు పార్సెళ్ళు ఆ శాస్త్రం చదువుకోలేదు.
నిలబడింది ఒక్కటే:
మధ్యాహ్నం వ్యాను ఇంజను ఆపి
ఫోను డాష్‌బోర్డులో పడేసి
రొట్టె నమలడం, ఫ్లాస్కులో జీలకర్ర నీళ్ళు.
ఇరవై ఏళ్ళుగా తింటున్న రొట్టెకి
పులుపుందని అప్పుడే గమనించాను.
అలోయ్‌జియాకి ఒక గుక్క పోస్తే వాసన చూసి
"మా అమ్మా కాచేది,
సీమ జీలకర్రతో, పచ్చి బాలింతలకి" అంది.
కొత్తగా నేర్చుకున్నదాన్ని
ఆ గుమ్మంలో కాసేపు పాతదాన్నయ్యాను.

గొడవ తేనె దగ్గర వచ్చింది.
"వేడిచేసిన తేనె విషంతో సమానమట,"
భోజనాల బల్ల దగ్గర నోరు జారాను.
గొరాజ్ద్ చెంచా దించాడు.
అతనివి ఇరవై రెండు తేనెపెట్టెలు,
తాత బొమ్మలు వేసిన పలకలతో సహా.
మరిగే లిండెన్ పూల టీలో తేనె కలపడం
ఆ ఇంట్లో దాదాపు ప్రార్థన.
"మా అమ్మ తొంభై ఒక్కేళ్ళు బతికింది," అన్నాడు,
"మీ పుస్తకం ఎన్నేళ్ళు బతికిందో అడుగు."
వేల ఏళ్ళని అనబోయి
పళ్ళెం కడగడానికి లేచాను.

వారం రోజులు
కెటిల్ ఒక్కటే, టీలు వేరు.

ఆదివారం రాత్రి మంచు బాగా పడింది.
సీసాలో ముంచిన చెంచా
కప్పు దాకా వచ్చి ఆగింది.
"గూడు వేడెక్కితే," అన్నాడు గోడకి చెబుతున్నట్టు,
"ఈగలు వాకిట్లో బారులు తీరి రెక్కలతో విసురుతాయి.
ముప్పై ఐదు డిగ్రీలు దాటనివ్వవు.
వాటికి ఏ నెవెంకా చెప్పిందో."

నా సంచిలో మిగిలిపోయిన
ఫర్నిచరు కొట్టు కరపత్రం తీసి
రెండుగా మడిచాడు.
కప్పు మీద విసరడం మొదలుపెట్టాడు,
పెద్దమనిషి, మీసాల్లో చెమట,
ఎంతో శ్రద్ధగా.
ఆవిరి నా వైపు వాలింది.
కిటికీ అవతల పెట్టెల మీద తెల్లటి టోపీలు.
ఎదురెదురుగా ఇంతసేపు కూర్చుని ఎన్నాళ్ళయిందో
అడగలేదు నేను, అతనూ చెప్పలేదు.

చిటికెన వేలి గోరు ముంచి చూశాడు.
"ఇంకొంచెం," అన్నాడు.